సంఘపు పట్టీలలో గళ్లు కలుపుట

యూరియా బస్తా కొఱకు తెల్లవారకమునుపే వచ్చి, సంఘపు గోదాము ముందు తన చెప్పుల జతను వరుసలో నుంచి, చెట్టు మొదట కూర్చుండిన రైతునకు కంప్యూటరులోని గళ్లతో నేమి పని యని కొందఱు సభ్యులు మమ్మడుగవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. కాని చెప్పులు వరుసలో నున్నను, పేరు పట్టీలో లేనిచో బస్తా రాదు. ఆ పేరు పట్టీలో నిలుచుటయు జాఱిపోవుటయు ఒక్కొక్కప్పుడు ఒక్క మీట నొక్కుటపై నాధారపడి యుండుట మేము కన్నులార చూచితిమి. కావున ఇది గుమాస్తా గదిలో ముగియవలసిన ముచ్చట కాదనియు, సభ్యులందఱు తెలిసికొనదగిన సంగతి యనియు మా యభిప్రాయము. ఆ మీట పేరు మెర్జ్. అనగా గళ్లను కలుపు మీట.

కంప్యూటరు నెఱుగని సభ్యుల కొఱకు నాలుగు మాటలు చెప్పెదము. ఎక్సెల్ పట్టీ మన పాత చిట్టా పుస్తకమువంటిదే. అడ్డుగీతలును నిలువుగీతలును గీయగా ఏర్పడిన చదరము గడి. ఒక్కొక్క అడ్డువరుస ఒక్కొక్క సభ్యునిది. ఊరు, పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, అప్పు, వాటాధనము మొదలగునవి నిలువు వరుసలు. 1979లో అమెరికా దేశమున డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు విసికాల్క్ అను పేర నిట్టి పట్టీని చిన్న కంప్యూటరులపై నడచునట్లు చేసి విక్రయమునకు తెచ్చిరి. అందలి గొప్పతన మేమనగా, ఒక గడిలోని అంకెను మార్చినచో దానిపై నాధారపడిన మొత్తములన్నియు తమంతట తామే మాఱును. అది జరుగవలెనన్నచో ప్రతి గడికిని ఒక చిరునామా యుండవలెను. బి నిలువువరుసలో ఏడవ అడ్డువరుస యనగానే యంత్రము సూటిగా ఆ గడికి పోవును. గళ్లను కలుపుట యనగా, ఒక్క యింటికి తప్ప వాడలోని తక్కిన యిండ్లన్నిటికిని చిరునామా చెఱపివేయుట వంటిది.

గుమాస్తాలు గళ్లనేల కలుపుదురు? చూపునకు బాగుండుటకు. ఇందు వారిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. చేతివ్రాత పుస్తకముల కాలమున ఊరిపేరు నొకమాఱు వ్రాసి, క్రింది వరుసలలో ‘సదరు’ అని గాని, రెండు చిన్నగీతలు గాని పెట్టి సరిపుచ్చెడువారు. సిరాయు మిగులును, కాలమును మిగులును. చదువువాడు మనుష్యుడు గావున పైకి చూచి గ్రహించెడివాడు. ఆ యలవాటే కంప్యూటరులోనికి వచ్చినది. మోతె యని యిరువది వరుసలలో వ్రాయుటకు బదులు, ఆ యిరువది గళ్లను కలిపి నడుమ నొకమాఱు పెద్ద యక్షరములతో వ్రాసినచో కాగితము ముచ్చటగా నుండును. గోడకంటించినప్పుడు వృద్ధులకు సైతము చదువ వీలగును. ఇది కాదనలేము.

అయితే యంత్రము పైకి చూడదు. ఇరువది గళ్లను కలిపిన పిమ్మట ఆ పేరు మొదటి గడికి మాత్రమే చెందినదిగా లెక్కించును. తక్కిన పందొమ్మిదియు దాని దృష్టిలో ఖాళీలే. ఒక యుదాహరణము చూపెదము. మోతెలో 20 మంది సభ్యులు తలకు 3 బస్తాల చొప్పున యూరియా కోరినారనుకొందము. మొత్తము 60 బస్తాలు. గుమాస్తా ఊరివారీగా కూడిక వేయు సూత్రమును వ్రాసి, ‘మోతెకెన్ని?’ యని యంత్రము నడిగినచో అది 3 అని చెప్పును. మొదటి వరుసలోనివాని బస్తాలు మాత్రమే దానికి మోతెవిగా కనబడినవి. ఫిల్టరు పెట్టి మోతె సభ్యులను మాత్రమే చూపుమన్నను ఒక్కనినే చూపి, పందొమ్మిదిమందిని దాచివేయును. పట్టీ యంతటికిని అడుగున వేసిన మొత్తము మాత్రము సరిగానే యుండును. అందువలన తప్పు జరిగినట్లు వెంటనే యెవరికిని తోచదు. ఇదియే దీనిలోని యపాయము. తప్పుడు లెక్క తప్పుగా కనబడినచో దిద్దుకొనవచ్చును; ఒప్పుగా కనబడు తప్పునకు మందేది?

పై యుదాహరణమున గళ్లలో వేఱు విషయములు లేవు. ఒక్కొక్క గడిలో నొక్కొక్క పేరున్నప్పుడు కలిపినచో నష్ట మింకను ఎక్కువ. పైన నెడమప్రక్కనున్న గడిలోని దొక్కటియే మిగులునని యెక్సెల్ హెచ్చరిక చేయును. ‘సరే’ యన్నంతనే తక్కినవన్నియు పోవును. వెంటనే చూచుకొన్నచో వెనుకకు తెచ్చుకొనవచ్చును గాని, దాచి మూసివేసిన తరువాత రావు. పని తొందరలో నున్నవాడు హెచ్చరికను చదువడు. ఇది మేమందఱము చేయు పనియే. లిబ్రె ఆఫీస్ వంటి మఱికొన్నిటిలో, దాగిపోవు విషయమును మొదటి గడిలోనికి చేర్చవలెనా, దాచియుంచవలెనా, తుడువవలెనా యని అడుగును. అది కొంత మేలు.

మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. సంఘము పేరు చెప్పుట మర్యాద కాదు. అచటివారు బుద్ధిపూర్వకముగా చేసినదియు కాదు. ఆ పట్టీలో ఒక్కొక్క కుటుంబమునకు ఊరిపేరును ఇంటిపేరును ఒకే గడిగా కలిపియుండిరి. అన్నదమ్ములు, తల్లి, విడివిడిగా పాసుపుస్తకములు గలవారే, దాని ప్రక్కన ఒకరి క్రింద నొకరుగా నుండిరి. అక్షరక్రమమున పేర్చుడని పైనుండి ఆజ్ఞ వచ్చినది. పేర్చబోగా, కలిపిన గళ్లన్నియు ఒకే కొలతలో లేవని యెక్సెల్ నిరాకరించినది. వచ్చినవాడు చుఱుకైన కుఱ్ఱవాడు. గళ్లను విడదీసినచో పని జరుగునని యెఱుగును. విడదీసెను, ఇంటిపేరును బట్టి పేర్చెను. విడదీసినంత మాత్రమున పేరు ప్రతి గడిలోనికిని రాదనియు, మొదటి దానిలోనే యుండి తక్కినవి ఖాళీలగుననియు నతడు గమనింపలేదు. పేర్చునప్పుడు ఖాళీలెల్లప్పుడును అడుగునకు పోవును. పెద్దవాడు తన స్థానమున నిలిచెను. తమ్ములును తల్లియు పట్టీ యడుగున ఊరు లేనివారై, ఇంటిపేరు లేనివారై, తమవంటి మఱి యెందఱితోనో కలిసిపోయిరి. ఆ ముసలమ్మ పేరుగలవారు ఆ యడుగున ముగ్గురుండిరి. ఎవరేయూరివారో తేల్చుటకు పాసుపుస్తకములు తెప్పించి రెండు దినములు కూర్చుండవలసి వచ్చినది. ఆమె ‘నా పేరు పోయిందా బిడ్డా?’ యని గుమ్మము కడ నిలిచి యడిగిన మాట మాకింకను చెవులలో నున్నది.

కలిపిన గడిలో మిగులునది పై పేరు. మన పట్టీలలో పై పేరు సాధారణముగా పెద్దకొడుకుదియో, భర్తదియో అయియుండును. క్రింది పేర్లు చిన్నవారివి, ఆడువారివి. యంత్రమునకు పక్షపాతము లేదు. మనము వ్రాయు క్రమములో నున్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము రెండు లక్షల రూపాయల వఱకు పంట ఋణములను మాఫీ చేసి, జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీలలో విడతలుగా జాబితాలు వెలువఱచినప్పుడు, ప్రతి యూరిలోను రైతులు తమ పేరెక్కడ నున్నదని వ్రేలు పెట్టి వెదకుకొనుట మన మందఱము చూచినదే. జాబితాలో నొక వరుస యనగా నేమో ఆనాడు తెలియనివాడు లేడు.

ఇక గళ్లను విడదీయుట. మొదట నొక చిక్కు తీర్పవలెను. ఎన్నడును కలుపని యొంటి గడిని ఎక్సెల్ రెండుగా చీల్చదు. కలిపినదానినే తిరిగి విడదీయును. వర్డ్ లోని పట్టికలో ఒంటిగడిని చీల్చవచ్చును గనుక, ఇచటను చీల్చవచ్చునని పలువురు భ్రమపడుదురు. ఒక గడిలో రెండు సంగతులున్నచో ప్రక్కన క్రొత్త నిలువువరుస చేర్చి రెండవదానిని అందులోనికి మార్చవలసినదే. మా యభిప్రాయమున మన సంఘములలో గళ్లను కలుపుట యెంత తప్పో, విడదీయవలసినచోట విడదీయకుండుట అంతకు మించిన తప్పు. దీనికి ఎకరములు, గుంటలకంటె మంచి సాక్ష్యము లేదు.

మన ప్రాంతమున 40 గుంటలు ఒక ఎకరము. 2 ఎకరముల 15 గుంటలను 2.15 అని చుక్క పెట్టి వ్రాయుట మనకు అలవాటు. మనుష్యుడు దానిని సరిగా చదువును. యంత్రము మాత్రము ఆ చుక్కను దశాంశపు చుక్కగా నెంచి, నూటిలో 15 వంతులని తలచును. కోదాడ దాటి ఆంధ్రప్రదేశములోనికి పోయినచో అచట సెంట్ల లెక్క. నూఱు సెంట్లు ఒక ఎకరము గనుక వారి 2.15 ఏ యంత్రములో కూడినను సరిపోవును. ఆ ప్రక్క తయారైన నమూనాను తెచ్చి మన గుంటలను నింపినచో సరిపోదు. ముగ్గురన్నదమ్ములకు తలకు 1 ఎకరము 35 గుంటలున్నదనుకొందము. యంత్రము 1.35 ను మూడుమాఱులు కూడి 4.05 అని చూపును. చూచువాడు 4 ఎకరముల 5 గుంటలని చదివి తృప్తిపడును. వ్రేళ్లపై లెక్కింపుడు: మూడు ఎకరములు, నూట అయిదు గుంటలు, అనగా 5 ఎకరముల 25 గుంటలు. ఎకరము 20 గుంటలు గాలిలో కలిసిపోయినవి! గట్టు కాడ జానెడు జాగా కొఱకు కోర్టుకు పోవువారము, కాగితముమీద ఎకరమున్నర పోయిన గమనింపము. రైతు భరోసా క్రింద 2025లో ప్రకటించిన యెకరమునకు పంటకు ₹6,000 చొప్పున లెక్కించినను, ఇది ఒక్క పంటకు ₹9,000 తేడా. ప్రభుత్వపు లెక్కలలో నిట్లు జరుగునని మేము చెప్పుటలేదు. మన సంఘములలో అప్పు హద్దులకు, ఎరువుల యంచనాలకు మనమే వేసికొను పట్టీల సంగతి చెప్పుచున్నాము.

ఒక్కొక్కచో తప్పు బయటపడును. చుక్క తరువాత 40 గాని అంతకు మించిన అంకె గాని కనబడినచో అది గుంటల లెక్క కాజాలదు. కాని పైన చూపిన 4.05 లో నట్టి గుఱుతేదియు లేదు. ఇంకొక తంటా యేమనగా, 2.30 అని వ్రాసినచో యంత్రము చివరి సున్నను మ్రింగి 2.3 అని చూపును. ముప్పది గుంటలో, మూడు గుంటలో చదువువాని దయ. చుక్కకు బదులు అడ్డగీత పెట్టి 3-10 అని వ్రాసినచో మఱింత వింత: అది మూడెకరముల పది గుంటలు కాక అక్టోబరు మూడవ తేదీ యగును. సర్వే నంబరు 12/4 ఏప్రిల్ పండ్రెండు అగును. పొలము తేదీగా మాఱిన సంఘపు పట్టీని మేము చూచి నవ్వితిమి. ఆ పొలము గలవాడు నవ్వలేదు.

దీనికి ఉపాయము సులభము. ఎకరముల కొక నిలువువరుస, గుంటల కొక నిలువువరుస. రెండింటిని వేఱువేఱుగా కూడి, ఎకరముల మొత్తమును 40 చే గుణించి గుంటల మొత్తమునకు చేర్చవలెను. వచ్చినదానిని 40 చే భాగింపగా భాగఫలము ఎకరములు, శేషము గుంటలు. రెండవ తరగతి పిల్లవాడు కూడ చేయు లెక్కను యంత్రముచే నొకమాఱు చేయించి యుంచినచో చాలును. సర్వే నంబరుల వరుసను ముందుగానే ‘టెక్స్ట్’ అని నిర్ణయించి యుంచిన పిమ్మట వ్రాసినచో తేదీల బాధ యుండదు. సర్వే నంబరొక గడిలోను, దాని యుపవిభాగములగు అ, ఆ, ఇ అక్షరము లింకొక గడిలోను ఉంచుట యింకను మేలు. ఒక నంబరులోని భాగస్తులందఱిని ఒక్క చూపులో చూడవచ్చును.

పేర్లను విడదీయుటలో మాత్రము తొందరపడరాదు. ‘టెక్స్ట్ టు కాలమ్స్’ అను సాధనము ఒక గడిలోని మాటలను ఖాళీని బట్టియో, కామాను బట్టియో వేఱువేఱు గళ్లలో పడవేయును. కుడిప్రక్క గళ్లలో నేమైన నున్నచో దానిపై వ్రాసివేయును గనుక ముందే కొన్ని ఖాళీ వరుసలు చేర్చుకొనవలెను. ఇంగ్లీషువారి పేర్లకు కుదిరినంతగా ఇది మన పేర్లకు కుదురదు. మనకు ఇంటిపేరు ముందు. అసలు పేరు ఒక మాటగా నుండవచ్చును, ‘వెంకట నరసయ్య’ యని రెండుగా నుండవచ్చును, ఆ తరువాత రెడ్డియో, గౌడో, నాయకో చేరవచ్చును. ఖాళీని బట్టి చీల్చినచో ఒకని పేరు రెండు గళ్లలో ఆగును, ఇంకొకనిది నాలుగవ గడిలోని తండ్రిపేరుమీద పడును. కావున ఇంటిపేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు మొదటి దినముననే మూడు గళ్లలో వ్రాయుట తప్ప మార్గము లేదు. విడదీసిన పేర్లను కలిపి చూపుట యంత్రమునకు క్షణములో పని. కలిపి వ్రాసినవానిని విడదీయుట మనుష్యునకు వారము పని.

2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా మూడుగా విడి, మన మోతె సూర్యాపేట జిల్లాలో చేరినది. ఆనాడు ప్రతి వరుసలోను మండలము పేరు గల పట్టీలను మార్చుట ఒక పూట పని. పై నుండి క్రిందివఱకు ‘నల్లగొండ’ యని యొకే పెద్దగడి యున్న పట్టీలను ముక్కలు చేయుట పెద్ద శ్రమ. ఊళ్లును మండలములును ముందును మాఱకపోవు.

గుమాస్తాలు మాతో నొక మాట యనవచ్చును: ‘మీరు చెప్పినట్లు వ్రాసినచో పట్టీ చూడ నసహ్యముగా నుండును; అధ్యక్షులు సంతకము పెట్టరు.’ ఇందులో కొంత నిజమున్నది. అందుచే రెండు పట్టీలు వేఱుగా నుండవలెనని మా సూచన. లెక్కలకు మూలమగు పట్టీ యొకటి. అందులో నే గడియు కలుపరాదు, ఏ గడియు ‘పైదే’ యని ఖాళీగా విడువరాదు. గోడకంటించుటకు దాని నుండి తీసిన నకలింకొకటి. అందులో వారి యిచ్చవచ్చినట్లు కలుపుకొని రంగులద్దుకొనవచ్చును. తప్పులు దిద్దుట మాత్రము మూలములోనే. శీర్షికను పట్టీ నడుమకు తెచ్చుటకైనను గళ్లను కలుపనక్కఱ లేదు. ‘సెంటర్ అక్రాస్ సెలెక్షన్’ అను నేర్పాటున్నది. దానివలన అక్షరములు నడుమకు వచ్చును, గళ్లు గళ్లుగానే యుండును. మీట పైకి కనబడదు, అరలోపల వెదకవలెను. అందుకే పలువు రెఱుగరు.

ఇప్పటికే కలిపియున్న పట్టీల మాట యేమి? ముందు నకలొకటి తీసి భద్రపఱచవలెను. పిమ్మట ఊరి నిలువువరుసను ఎన్నుకొని గళ్లను విడదీసి, ఎఫ్ 5 మీట నొక్కి, ‘స్పెషల్’ లో ‘బ్లాంక్స్’ అనుదానిచే ఖాళీలను మాత్రము పట్టుకొని, సమానపు గుర్తు వేసి, పై బాణము నొక్కి, కంట్రోల్ పట్టుకొని ఎంటర్ కొట్టినచో ప్రతి ఖాళీలోనికిని పై పేరు దిగును. తరువాత నా వరుసను నకలు చేసి విలువలుగా నతికింపవలెను. లేనిచో పేర్చినప్పుడు మఱల చెదరును. ఒక జాగ్రత్త: ఊరు, మండలము వంటి వరుసలకే యీ పద్ధతి. ఫోను నంబరులు, ఖాతా నంబరుల వరుసలలో ఖాళీ యనగా నిజముగా తెలియదనియే యర్థము. అచటకూడ పైదానిని దింపినచో ఒకని సొమ్ము వేఱొకనికి పోవును.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 63,000 సంఘములకు ₹2,516 కోట్ల పథకము నంగీకరించినది. నాబార్డు ద్వారా ఒకే విధమగు సాఫ్ట్‌వేరు వచ్చుచుండగా ఈ యెక్సెల్ గోడవేల యని కొందఱందురు. సాఫ్ట్‌వేరులో గళ్లు కలుపుటకు వీలులేదు, నిజమే. కాని ఎరువుల కోరిక పట్టీ, వడ్ల కొనుగోలు కేంద్రమునకు వచ్చిన వారి పట్టీ, మహాజన సభ హాజరు పట్టీ, అడిగినప్పుడెల్ల పైవారికి పంపు పట్టీలు నిప్పటికిని చేతికందిన యెక్సెల్ లోనే వ్రాయబడుచున్నవి. సాఫ్ట్‌వేరులోనికి ఎక్కింపబడు పాత లెక్కలును పెక్కుచోట్ల నిట్టి పట్టీలనుండియే పోవును. చెడిన విత్తనమును క్రొత్త నాగలితో చల్లినను మొలకెత్తదు.

కావున మోతె, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు సంఘముల కార్యవర్గములు రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు తీసికొని, మూలపు పట్టీలలో గళ్లు కలుపరాదనియు, విస్తీర్ణమును రెండు గళ్లలో వ్రాయవలెననియు తీర్మానింపవలసినదిగా కోరుచున్నాము. సభ్యులును ఊరకుండరాదు. మహాజన సభకు వచ్చినప్పుడు గోడమీది కాగితమును గాక, మూలపు పట్టీలో తమ వరుసను చూపుమని యడుగవలెను. అందులో తమ యూరు, ఇంటిపేరు, పేరు, ఎకరములు, గుంటలు ఒక్కొక్కటియు వ్రాయబడియున్నవో లేవో చూచుకొనవలెను. ఇంట తల్లి పేరున, భార్య పేరున భూమి యున్నవారు ఆ వరుసలనుకూడ చూడవలెను. ఎకరములు, గుంటల మొత్తము తనంతట వేయు సూత్రముతో ఖాళీ పట్టీ నొకదానిని మేము సిద్ధపఱచితిమి. ఏ సంఘపు గుమాస్తా కోరినను నకలు చేసి యిచ్చెదము. నింపుటలో సందేహములున్నచో వారి పాత పట్టీని వెంట తెచ్చుకొనవచ్చును.